చేవెళ్ల మర్రి పనితనం

చేవెళ్లలో వాన అడవి లేదు. ఆ మాటకొస్తే తెలుగు నేల మీద ఎక్కడా లేదు. మారేడుమిల్లి కొండల్లో దానికి వేలువిడిచిన చుట్టమనదగ్గ అడవి కొంత ఉంది, అంతే. చేవెళ్ల, మొయినాబాద్‌లది దక్కను పీఠభూమి. సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు, కొంత ఎర్రనేల, కొంత నల్లరేగడి, ఏడాదికి 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. ఆ వానలోనూ ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసేస్తుంది. సంక్రాంతి వెళ్ళాక మబ్బు పడితే ఇక్కడి పూలతోటల రైతు ఆకాశం వంక అనుమానంగా చూస్తాడు. ఒకపక్క 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, ఇంకోపక్క 1927 నాటి హిమాయత్‌సాగర్, రెండింటి నడుమ మొయినాబాద్. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానంలోకి ఏప్రిల్‌లో వెళ్తే ఈ నేల సొంత అడవి ఎలా ఉంటుందో తెలుస్తుంది. చాలా చెట్లు ఆకు రాల్చేసి, వాన కోసం కాచుకుని ఉంటాయి.

అదే ఏప్రిల్‌లో, పోలీసు అకాడమీ చౌరస్తా దాటి మొయినాబాద్, చేవెళ్లల మీదుగా మన్నెగూడ పోయే బీజాపూర్ రోడ్డు మీద నీడ దట్టంగా ఉంటుంది. 46 కిలోమీటర్ల ఈ ముక్కలో దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. నిజాం కాలంలో నాటినవని ఇక్కడివాళ్ళు చెప్తారు. పశువుకూ మనిషికీ నీడ కోసం బాటల వెంట మర్రిచెట్లు నాటించానని అశోకుడు తన ఏడో స్తంభ శాసనంలో చెప్పుకున్నాడు కాబట్టి, ఈ అలవాటు ఈ దేశంలో కనీసం 2,200 ఏళ్ళ పాతది. చెట్లను తలుచుకున్నప్పుడల్లా నాటించినవాళ్ళ ముందుచూపును పొగడడం మనకు మామూలు. పొగడాల్సిందే. కానీ వాళ్ళు చేసింది గుంత తీసి కొమ్మ పాతడం. ఆ తర్వాతి పనంతా చెట్టుది. చుట్టూ అడవి మోడువారినప్పుడు ఇది పచ్చగా ఉండగలగడానికి ఏం చేసిందో తెలియాలంటే భూమధ్యరేఖ దాకా వెళ్ళి రావాలి.

అమెజాన్, కాంగో, బోర్నియో. భూమధ్యరేఖకు అటు పది డిగ్రీలు, ఇటు పది డిగ్రీలు వాన అడవుల అసలు చోటు. అక్కడ చాలాచోట్ల ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వాతావరణ శాస్త్రం గీసిన గీత ప్రకారం ఏ నెలలోనూ 60 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చేవెళ్లలో అంతకు తగ్గే నెలలు ఏడాదిలో సగానికి పైనే. వాన అడవుల్లో వేడిమి ఏడాదంతా 25, 27 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. అక్కడ ఎండాకాలానికీ చలికాలానికీ మధ్య ఉండే తేడా కంటే పగటికీ రాత్రికీ మధ్య ఉండే తేడాయే ఎక్కువ. ఇన్ని ఉన్నచోట చెట్టుకు కొరత దేనికి? వెలుతురుకు. ముప్పై, నలభై మీటర్ల ఎత్తున కొమ్మలన్నీ కలిసి కప్పు వేసేస్తాయి. దాన్ని కూడా మించి అక్కడొకటి ఇక్కడొకటి మహావృక్షాలు తలెత్తుతాయి. నేల దాకా దిగే వెలుతురు నూటికి ఒకటి రెండు పాళ్ళు. పోనీ నేలైనా సారవంతమా అంటే అదీ కాదు. రాలిన ఆకు కుళ్ళుతుండగానే వేళ్ళు లాగేసుకుంటాయి, మిగిలింది వాన కడిగేస్తుంది. అడవి ఆస్తి అంతా చెట్ల ఒంట్లోనే ఉంటుంది. అక్కడ అడవి కొట్టి వేసిన పొలం రెండు మూడు పంటలకే ఉసూరుమనేది అందుకే.

వెలుతురు పైన, నీళ్ళు కింద. వాన అడవి మొక్కల విద్యలన్నీ ఈ దూరం దాటడానికి పుట్టినవే. కొన్ని ఏళ్ళ తరబడి మరుగుజ్జుగా నిలబడి, పక్క చెట్టు ఎప్పుడు కూలుతుందా అని చూస్తాయి. తీగలు సొంత మాను కట్టుకునే ఖర్చు మానుకుని ఇతరుల మీద ఎగబాకుతాయి. ఆర్కిడ్లు, ఫెర్నులు నేలను వదిలేసి కొమ్మల మీదే కాపురం పెడతాయి. మర్రి కులంలోని కొన్ని చెట్లు మాత్రం చాలా మొక్కలకు తట్టని పని చేశాయి. పైనుంచి మొదలుపెట్టాయి.

ఆ కులంలో ప్రపంచమంతటా 750కి పైగా జాతులున్నాయి. మన మర్రి, రావి, జువ్వి, మేడి అందులోవే. పిట్టో గబ్బిలమో పండు తిని, ఎత్తైన కొమ్మ పంగలో రెట్ట వేస్తుంది. అందులోని గింజ అక్కడి చెత్తలో, నాచులో మొలకెత్తుతుంది. వెలుతురు కోసం పాకులాడే పని లేదు, మొదటి రోజు నుంచే అది చేతికందే ఎత్తులో ఉంది. కావలసింది నీళ్ళు. అందుకని ఆ మొక్క వేరును కిందికి వదులుతుంది. వేరు నేలను తాకే దాకా అవస్థే. తాకాక కథ మారిపోతుంది. ఒకటికి పది వేళ్ళు దిగుతాయి, ఒకదానికొకటి తగిలినచోట అతుక్కుపోతాయి, ఆశ్రయమిచ్చిన చెట్టు చుట్టూ అల్లిక బిగుస్తుంది. లోపలి చెట్టు లావెక్కలేక, పైన వెలుతురందక, కింద నీటికి పోటీ పడలేక చచ్చిపోతుంది. అది కుళ్ళిపోయాక బోలు గొట్టంలా మర్రి నిలబడుతుంది. ఇందులో న్యాయం వెతక్కండి.

ఇక్కడే గమనించవలసిన సంగతి ఒకటుంది. ఎంత కుంభవృష్టి కురిసే అడవిలోనైనా కొమ్మ పంగలో నీరు నిలవదు. నేల లేదు, పట్టి ఉంచేందుకు మట్టి లేదు. వాన ఆగిన రెండో రోజుకే అక్కడ కరువు. అంటే నూటికి నూరు పాళ్ళు తడిగా ఉండే అడవిలో పుట్టినా, ఈ మొక్క పసితనమంతా కరువులోనే గడిచింది. నోయెల్ హోల్‌బ్రూక్, ఫ్రాన్సిస్ పుట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెనిజులాలో, తాటి కుటుంబపు చెట్ల మీద పెరిగే మర్రి బంధువులను పరిశీలించి 1996లో ఒక సంగతి బయటపెట్టారు. చెట్టు మీద ఉన్న దశలో వాటి ఆకులకు గాలి ఆడే రంధ్రాలు తక్కువ. వేరు నేలకు దిగాక వచ్చే ఆకులకు ఎక్కువ. అంటే అదే మొక్క కరువు నాటికొక ఆకు, కలిమి నాటికొక ఆకు తయారు చేసుకుంటుంది. వాన అడవి పైకప్పులో నేర్చిన ఆ పొదుపే దక్కను ఎండలో పనికొచ్చింది. చేవెళ్ల మర్రి పచ్చదనంలో నాకు కనబడే కిటుకు ఇదే. దాన్ని ఎండ నేల మొక్కగా చూస్తే సగమే అర్థమవుతుంది.

మన దగ్గర కొమ్మ పంగ పనిని తాటిచెట్టు చేస్తుంది. రాలిన మట్టల మొదళ్ళలో దుమ్ము, తేమ చేరతాయి, గింజ పడితే చాలు. చేవెళ్ల చుట్టుపక్కల పొలాల గట్ల మీద తాడినీ ఈతనూ కౌగిలించుకున్న మర్రి, రావి ఇప్పటికీ కనబడతాయి. తాడికో వెసులుబాటుంది. దాని మాను వేప లాగా, చింత లాగా ఏటేటా లావెక్కదు కాబట్టి చుట్టిన వేళ్ళు దాన్ని నొక్కి చంపలేవు. మర్రి తల తాడి తలను మూసేసే దాకా రెండూ కలిసే బతుకుతాయి. హౌరా దగ్గర శిబ్‌పూర్ ఉద్యానంలోని మహా వటవృక్షం కూడా ఒక ఈతచెట్టు మీదే మొలిచిందని చెప్తారు. బీజాపూర్ రోడ్డు చెట్లకు ఈ బాల్యం లేదు, మనుషులు నేలలో నాటారు. కానీ గుణం పోలేదు. నేలలో పుట్టిన మర్రి కూడా గాలిలోంచి వేరు దింపుతూనే ఉంటుంది.

ఊడ సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. జూలైలో, రెండు మంచి వానలు పడ్డాక చూడాలి. కొమ్మ అడుగు భాగాన కుచ్చులు కుచ్చులుగా సన్నటి గోధుమరంగు పోగులు వేలాడుతుంటాయి. వాటి కొసలు మాత్రం లేతగా, పసుపుగా, తడిగా ఉంటాయి. పెరిగేది ఆ కొసే. ఎండాకాలంలో కొస ఎండి ఆగిపోతుంది, వానలు రాగానే పక్కనుంచి కొత్త కొస తీసి మళ్ళీ మొదలుపెడుతుంది. అందుకే పాత ఊడ కుచ్చు చివర చీపురులా చీలి ఉంటుంది. ఒక్కో చీలికా ఒక ఆగిపోయిన వేసవి.

గాలిలో ఉన్నంతసేపూ ఊడ వదులుగా ఊగుతుంది. నేలను పట్టుకున్నాక పొట్టిదవుతుంది. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. మర్రికి దగ్గరి బంధువైన ఒక జాతి మీద మార్టిన్ జిమ్మర్మన్, మరి ఇద్దరు కలిసి 1968లో పని చేసి చూపించారు. వేరు కొస నేలలో నాటుకోగానే, గాలిలో ఉన్న భాగంలో ఒక ప్రత్యేకమైన కలప తయారవుతుంది. దానిలోని నారపోగులు ముడుచుకుంటూ వేరును లాగుతాయి. పందిరి గుంజకు తాడు కట్టాక మెలిపెట్టి బిగిస్తామే, అలా ఊడ తనను తాను బిగించుకుంటుంది. వంకరగా దిగినది కూడా నిటారవుతుంది. అప్పుడే లావెక్కడం మొదలుపెడుతుంది. ముందు బిగింపు, తర్వాతే బరువు. ఊడ ఇంకా వదులుగా ఉండగానే మీద కొమ్మ భారం పడితే అది వంగిపోయేది. ఈ వరస తప్పకుండా పాటించడం చూస్తే మంచి మేస్త్రీ పని చూసినట్టే ఉంటుంది.

ఊడ దిగితే కొమ్మకు రెండు లాభాలు. కింద గుంజ దొరుకుతుంది, పైకి సొంతంగా నీళ్ళు దొరుకుతాయి. మామూలు చెట్టు కొమ్మ ఎంత దూరం పోగలదో దాని బరువూ, మాను నుంచి దాని దాకా రావలసిన నీళ్ళూ నిర్ణయిస్తాయి. మర్రికి ఆ హద్దు లేదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరాల దాకా పాకి 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. శిబ్‌పూర్ చెట్టుకు బూజు తెగులు సోకి అసలు మానునే 1925లో తీసేశారు. దాదాపు నూరేళ్ళయినా అది ఊడల మీద బతుకుతూనే ఉంది, ఇంకా విస్తరిస్తోంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కథ ఇంకోలా నడిచింది. దాదాపు 700 ఏళ్ళదని చెప్పుకునే ఆ చెట్టును చెదలు తొలిచేస్తే 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలింది. మరుసటి ఏడు అటవీశాఖవాళ్ళు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్కచుక్కగా పురుగుమందు ఎక్కించారు. కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఊడలు జనం తొక్కిడికి చెడకుండా గొట్టాల్లోంచి నేలకు దింపారు. ఆ సిమెంటు దిమ్మెలు చూస్తే జాలేస్తుంది. ఆ పని చెట్టు తానే చేసుకునేది. సందర్శకుల తొక్కిడే దాన్ని చేయనివ్వలేదు.

చేవెళ్ల రోడ్డు మర్రులకు గుంజలు పెద్దగా కనబడవు. తారు మీదికి వేలాడే ఊడలను వాహనాలు తెంపుతాయి, మిగిలినవి మనుషులు కోస్తారు. చెట్టు కింద మక్కకంకులు కాల్చే ఒక అవ్వను ఇదే అడిగాను. "బస్సులకు తాకుతయని కొడ్తరు బిడ్డా. మల్లా వస్తయి. ఎన్నిసార్లు కొట్టినా వస్తయి" అంది. పొలం వైపు మాత్రం అక్కడక్కడా కొన్ని దిగాయి. మాను చుట్టూ తిరిగి చూస్తే అటువైపు పాత ఊడలు మానుతో కలిసిపోయి నిలువు కండలుగా ఉబ్బి ఉంటాయి. ఏది మాను, ఏది ఊడ అన్నది గోరుతో గీరి చూసినా తేలదు. కొన్నిచోట్ల రెండు ఊడల మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలి ఉంటుంది. అవి ఒకప్పుడు విడివిడిగా దిగినవని చెప్పే గుర్తు అదొక్కటే.

ఆకు జోలికి వెళ్దాం. కొమ్మ కొసన మొగ్గను ఒక ఎర్రటి పొర టోపీలా మూసి ఉంటుంది. కొత్త ఆకు విచ్చుకోగానే ఆ టోపీ రాలిపోయి, కొమ్మ చుట్టూ ఒక గీత మిగులుతుంది. మర్రి, రావి, మేడి అన్నిటికీ ఈ గీత ఉంటుంది. ఆకు తుంచితే వచ్చే పాలు గాయాన్ని మూస్తాయి, పురుగు నోటిని కూడా మూస్తాయి. ఆకు పైభాగాన చర్మం ఒక పొర కాదు, కొన్ని పొరలు. వాటిలో అక్కడక్కడా ఒక పెద్ద కణం, దానిలో పైనుంచి వేలాడే సున్నపు గడ్డ. సూక్ష్మదర్శిని కింద చూపించేందుకు వృక్షశాస్త్రం మాస్టార్లు ఈ కులపు ఆకునే వెతుక్కునేది ఆ గడ్డ కోసమే. గాలి రంధ్రాలన్నీ అడుగు వైపునే ఉంటాయి, ఎండ తగలదు. రావాకు కొస పొడుగ్గా తోకలా సాగి ఉంటుంది. వాన అడవుల్లో ఎన్నో చెట్ల ఆకులకు ఉండే తోక అది, ఆకు మీది నీరు త్వరగా జారిపోవడానికి. మర్రాకుకు తోక లేదు, కొస మొద్దుగా ఉంటుంది. ఇద్దరు దగ్గరి చుట్టాల్లో ఒకరు పాత ఊరి అలవాటు నిలుపుకుని, ఇంకొకరు వదిలేసినట్టు. విస్తరి కుట్టేవాళ్ళకు మాత్రం ఇది కలిసొచ్చింది.

ఇక పండు. పనితనం మాట వస్తే మిగతావన్నీ దీని తర్వాతే. ఆకు మొదట్లో జంటగా, కాడ లేకుండా, గోళీకాయంత ఎర్రటి పండ్లు కూర్చుని ఉంటాయి. మర్రి పువ్వును చూసినవాడు లేడంటారు. చూడాలంటే కాయను చీల్చాలి. వందల కొద్దీ పువ్వులు లోపలి గోడ మీద, ముఖాలు లోపలికి తిప్పుకుని ఉంటాయి. బయటి లోకంతో వాటికి ఉన్న దారి, కొసన పొలుసులతో మూసిన ఒక సన్నటి రంధ్రం మాత్రమే. తేనెటీగ పట్టదు, చీమ పట్టదు. ఒకే ఒక ప్రాణి కోసం చేసిన తలుపు అది. రెండు మిల్లీమీటర్లు కూడా లేని నల్లటి ఆడ కందిరీగ, దాని శాస్త్రీయ నామం యూప్రిస్టినా మసోనీ. కాయ సిద్ధంగా ఉన్నప్పుడు వదిలే వాసనను పట్టుకుని అది వస్తుంది. పొలుసుల మధ్య దూరేటప్పుడు దాని రెక్కలు విరిగిపోతాయి. ఇక బయటికి రాదు.

లోపల చీకటి. ఆడపువ్వులకు కొన్నిటికి కీలాలు పొట్టివి, కొన్నిటికి పొడుగువి. కందిరీగ గుడ్లు పెట్టే సూది పొట్టి పువ్వుల అడుగును అందుకుంటుంది, పొడుగు వాటిని అందుకోలేదు. అందిన చోట గుడ్డు, అందని చోట అది వెంట తెచ్చిన పుప్పొడి. పొట్టి పువ్వుల్లో పిల్ల పురుగులు, పొడుగు పువ్వుల్లో గింజలు. చెట్టు తన సంతానంలో కొంత భాగాన్ని అద్దెగా ఇచ్చుకుంటుందన్నమాట. కొన్ని వారాలకు ముందు మగ పురుగులు బయటికి వస్తాయి. వాటికి రెక్కలుండవు, ఎగరవలసిన పని లేదు కనుక. గూళ్ళలో ఉన్న ఆడవాటితో అక్కడే జతకట్టి, కాయ గోడకు కన్నం తొలిచి, చచ్చిపోతాయి. సరిగ్గా ఆ సమయానికే మగపువ్వులు పక్వానికి వస్తాయి. ఆడ పురుగులు పుప్పొడి అంటించుకుని, ఆ కన్నం గుండా బయటపడి ఇంకో చెట్టు కోసం ఎగురుతాయి. ఆ తర్వాతే పండు మెత్తబడి తియ్యనవుతుంది. పిట్టలను పిలిచేది లోపలి పని అయిపోయాకే.

మర్రికి ఈ కందిరీగ, రావికి వేరొకటి, మేడికి ఇంకొకటి. ఈ జోడీలు మొదలై 7 కోట్ల ఏళ్ళకు పైనే అయిందని జన్యువులను బట్టి లెక్కకట్టారు. మేడిపండు పొట్టలోని పురుగులను వేమన వెక్కిరింపుకు వాడుకున్నాడు. ఆయన చేతిలో సూక్ష్మదర్శిని లేదు, క్షమించేద్దాం.

ఇంత సున్నితమైన ఏర్పాటుకు ఒక చిక్కుంది. బయటికొచ్చిన ఆడ కందిరీగ ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆలోపు సిద్ధంగా ఉన్న కాయ దొరకాలి. తన చెట్టులో దొరకదు, ఎందుకంటే ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒకేసారి ఈడుకొస్తాయి. పక్క చెట్టు వేరే వేళకు కాయాలి. అందుకే మర్రులకు మామిడి లాగా ఒక కాపు కాలమంటూ ఉండదు. ఒకటి జనవరిలో, ఒకటి మేలో, ఒకటి వినాయకచవితికి. బీజాపూర్ రోడ్డు మీద ఒక చెట్టు కింద ఎర్రగా పండ్లు చితికి జారుతుంటే, దాని ఎదుటి చెట్టుకు పిందె కూడా ఉండదు. చూసేవాడికి ఇది క్రమం తప్పినట్టుంటుంది గానీ, అదే దాని క్రమం. ఒంటి మర్రికి ఈ పని సాగడం కష్టం, వందల చెట్ల వరసకు తేలిక. కందిరీగలు గాలివాటున చాలా దూరం పోగలవన్నదీ నిజమే. నమీబియా ఎడారిలోని, మర్రి కులానికే చెందిన ఒక అత్తి జాతి పుప్పొడి 160 కిలోమీటర్ల దాకా ప్రయాణిస్తుందని 2009లో తేల్చారు. అయినా దగ్గర ఇల్లుండగా దూరం వెళ్ళాలని ఎవరికుంటుంది?

చెట్లు ఇలా వేర్వేరు వేళల్లో కాయడం వల్ల లాభం తిరిగి పిట్టలకు. జాన్ టెర్‌బోర్గ్ పెరూలోని కోచా కాషూ దగ్గర అమెజాన్ అడవిని గమనించి 1986లో రాసింది ఇదే. మిగతా చెట్లేవీ కాయని కరువు నెలల్లో కోతులనూ పిట్టలనూ బతికించేది కొన్ని చెట్లే, వాటిలో మర్రి కులం ముఖ్యమైనది. చేవెళ్లలో ఆ నెలలు ఎండాకాలానివి. పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు కంసాలి పిట్ట, గోరింక, కోకిల, పికిలిపిట్ట, పచ్చగువ్వ, రాత్రయితే గబ్బిలాలు ఈ వరసను పట్టుకుని నడుస్తాయి. రామచిలుక కూడా వస్తుంది గానీ అది గింజను నమిలేసే రకం, చెట్టుకు దానివల్ల ఒరిగేది లేదు.

మర్రి నీడన మొక్క ఎదగదన్న సామెతను మనుషుల మీదికి తిప్పి వాడతాం. చెట్టు మీద వాడితే అది వాన అడవి నేల గురించిన సరైన వర్ణన. చేవెళ్ల మర్రి కింద మిట్టమధ్యాహ్నం నేల చల్లగా, గడ్డి లేకుండా, ఎండుటాకులతో మెత్తగా ఉంటుంది. తొర్రలో దుమ్ము చేరినచోట రావి మొలిచి ఉంటుంది, కంచె మీది తిప్పతీగ మాను ఎక్కుతుంటుంది. అంతమాత్రాన ఈ రోడ్డును అడవి అనడం అతిశయోక్తే అవుతుంది. వాన అడవిలో ఒక హెక్టారులో వందల జాతుల చెట్లుంటాయి. ఇక్కడ ఉన్నది దాదాపు ఒకే జాతి, అదీ రెండు వరసలు. అడవి లేదు. అడవి నేర్పిన పని మాత్రం ఉంది.

ఇప్పుడు రోడ్డు మాట. ఇది రెండు వరసల ఇరుకు రోడ్డు. టిప్పర్లు, కూరగాయల ఆటోలు, వీకెండు కార్లు, వికారాబాద్, తాండూరు బస్సులు అన్నీ దీని మీదే. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని చాలామంది చనిపోయారు. రోడ్డు వెడల్పు కావాలన్న మాటను చెట్ల ప్రేమికుడెవడూ ఆ తర్వాత తేలిగ్గా కొట్టిపారేయలేడు. అంతకుముందే విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. వాదోపవాదాల తర్వాత ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నిటిని వేరేచోటికి తరలించేలా రోడ్డు నమూనా మారింది. ఉన్నంతలో మంచి ఫలితమే.

తరలించడం మర్రికి మరీ కొత్త కాదు. కొమ్మ విరిచి పాతితే వేరు పట్టే జాతి ఇది, పాలు కారుతున్నా బతికేస్తుంది. కొమ్మలు నరికి, వేళ్ళ చుట్టూ మట్టిగడ్డ నిలబెట్టి, క్రేనుతో ఎత్తి కొత్త గుంతలో దించుతారు. వానాకాలం ముందు చేసి, నీళ్ళు సరిగ్గా పెడితే కొన్ని నెలల్లో ఎర్రటి టోపీలు విప్పుకుని ఆకు వేస్తుంది. ఫొటోలు తీసుకునేది అప్పుడే. అయితే అప్పటికి బతికింది మాను మాత్రమే. నూరేళ్ళు పాకిన కొమ్మలు లేవు కాబట్టి వాటి నుంచి దిగవలసిన ఊడలూ లేవు. కాయ పట్టే కొసలు మళ్ళీ పెరగాలి. వరస నుంచి విడదీసి ఎక్కడో పార్కులో ఒంటరిగా పెడితే, కాపు మొదలైన నాడు కందిరీగ ఎటునుంచి వస్తుందో చూసుకోవాలి. కనుక తరలించేవాళ్ళు వాటిని గుంపుగా, ఇప్పుడున్న వరసకు దగ్గరగా, చెరువు కట్టల వెంటో గుట్టల దగ్గరో నాటితే సగం పని తప్పుతుంది.

ఉన్నచోటే మిగిలిన వాటికీ ఒక గండం ఉంది. రెండు రోడ్ల నడుమ డివైడర్‌లో చెట్టు పడితే, దాని చుట్టూ మట్టి కనబడకుండా టైల్స్ పరిచి, అంచుకు కాంక్రీటు కట్టి, పసుపు నలుపు రంగులు వేయడం మన ఇంజినీర్లకు ఇష్టం. మర్రికి కావలసింది మాను చుట్టూ ఒకటి రెండు మీటర్లు కాదు, కొమ్మ ఎంత దూరం పోతుందో అంత మెత్తటి నేల. పొలం వైపు ఊడలు దిగే చోట ఆ కొద్దిపాటి మట్టిని వదిలేయమని నమూనా గీసేటప్పుడే రాసుకోవాలి, పని మొదలయ్యాక ఎవరూ వినరు.